వదులుగా పట్టుకో

నోయెలా రాళ్ళ మీదికి దిగుతుంటే
తాడు రెండో కొస నా నడుముకి ఉండేది.
పదకొండేళ్ళు అదే నా ఉద్యోగం,
గలీసియా పడమటి అంచున
నల్లరాతిలో మడమలు తన్నిపెట్టి
ఒక మనిషి వీపును చూస్తూ నిలబడటం.

పెర్సెబెస్ మంచి చోట పెరగవు.
అల పగిలే చోటే, నురగ తాగి,
ముసలి ఏనుగు కాలిగోళ్ళలా
రాతిని కరుచుకుని బతుకుతాయి.
అల వెనక్కి పోయి
మళ్ళీ మనసు మార్చుకునే లోపు కొయ్యాలి వాటిని.

మేమంతా అలల్ని లెక్కపెట్టేవాళ్ళం.
మా నాన్న వేళ్ళు మడుస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు.
ఒకనాడు లెక్క తప్పాడు.
నోయెలా లెక్కపెట్టదు.
నీళ్ళకి వీపు తిప్పి నిలబడుతుంది,
మడమల కింద రాయి వణుకు వినిపిస్తుందట.
రెండు దెబ్బలు, ఉలి ఒక్క మెలి, గుప్పెడు సంచిలోకి,
అల వచ్చేసరికి
గోడ దిగిన పిల్లిలా పక్క రాతి మీద ఉంటుంది.

చాలాకాలం నేను చూసింది అదొక్కటే.
ఇంటికెళ్ళి వంటింట్లో
గరిటె పట్టుకుని ఆ మెలిక అభ్యాసం చేసేవాణ్ణి.
రాలేదు నాకు. రాకపోవడం కూడా బాగుండేది.
ఆమె పొద్దున ఏం తింటుందో,
ఇంట్లో ఎవరున్నారో,
నవ్వితే ఏ పన్ను బయటపడుతుందో
ఏడేళ్ళు నిజంగా తెలీదు.
ఆమె ఇటు తిరగకపోయినా
నాకేమీ తక్కువైనట్టు ఉండేది కాదు.

ఎప్పుడు మారిందంటే చెప్పగలను.
చేపల వేలం అయ్యాక, మార్చిలో,
బయట తడిబల్ల మీద కూర్చుని
గ్లోవు వేలికొసని పళ్ళతో పట్టి లాగింది.
అంతే.
అందులో పనితనం ఏమీ లేదు.
గ్లోవు ఎవరైనా అలాగే తీస్తారు,
సిస్తో అలాగే తీస్తాడు, నేనూ అంతే.
మెచ్చుకోవడానికి ఏమీ లేని చోట
నా కళ్ళు ఆగిపోయాయి.

ఆ మీదట వీపు చాలలేదు.
తిరగాలి. ఇటు చూడాలి.
చూసింది నన్నే అని తెలియాలి.
అంతకుముందు రోజుకి పదిసార్లు "భలే కోశావ్" అనేవాణ్ణి,
ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది,
అది ఇవ్వడం కాదిక, అడుక్కోవడమని
నాకే వినిపించి.

"ఆ మనిషంటే ఇష్టమా నీకు?" అంది మా దొసిందత్త,
బంగాళాదుంపలు ఒలుస్తూ, తలెత్తకుండా.
ఇష్టమే అన్నాను.
ఆ మాట తడిసిన తాడు,
ఎటు వంచితే అటు వంగుతుంది.

నవంబరులో ఒక అల.
పెద్దది కూడా కాదు.
ఆమె వింటూనే ఉంది, ఉలి గుచ్చే ఉంది,
ఇంకో గుప్పెడు తీసి తప్పుకునేదే.
నేను లాగాను.
మోకాళ్ళ మీద పడింది. సంచి కొట్టుకుపోయింది.
రెండు కిలోలు, క్రిస్మస్ ముందు ధర.

పైకొచ్చి, కారుతున్న నెత్తురు తుడుచుకోకుండా
"అల నాకు కనపడలేదనుకున్నావా?" అంది.
భయమేసిందన్నాను.
"నాకేమన్నా అవుతుందనా,
నీకు నేను లేకుండా పోతాననా?"

గాలి గట్టిగా ఉంది. వినపడనట్టు నటించొచ్చు.
నేను తాడు చుట్ట చుడుతూ ఉండిపోయాను,
చుట్టిందే విప్పి మళ్ళీ చుడుతూ.
పదకొండేళ్ళు ఆమె ప్రాణం ఉన్న కొస అది.
ఆమె పనిని చూసినన్నాళ్ళూ వదులుగానే ఉండేది,
ఎంత ఇవ్వాలో నా చేతులకు తెలిసేది.

"వదులుగా పట్టుకో," అంది నోయెలా.
కాసేపాగి, "లేదా వదిలెయ్."

ఇప్పుడు తాడు సిస్తో పట్టుకుంటున్నాడు.
ఇరవై రెండేళ్ళవాడు, నోరు తెరిచి చూస్తాడు,
నేనప్పట్లో చూసినట్టే.
నేను లైట్‌హౌస్ దారిలో, పైన, ఫ్లాస్కులో కాఫీతో కూర్చుంటాను.
ఇంత దూరం నుంచి ఆమె చీమంత.
అయినా ఆ మెలిక తెలుస్తుంది,
రాయి వదిలిన చప్పుడు వినపడకుండానే తెలుస్తుంది.
"భలే కోశావ్" అంటాను, గాలితో.
అది మళ్ళీ నోరు దాటి బయటికి వస్తోంది.

సంచులు నిండి వాళ్ళు పైకెక్కుతుంటే
ఫ్లాస్కు మూత బిగిస్తాను.
ఆమె గ్లోవులు తీసే లోపే
లేచి వెళ్ళిపోతాను.